పాత తెరచాప పడవకి డెప్త్ సౌండర్: ముందు చోటు, తర్వాతే బ్రాండ్

మా పడవ 1981లో తయారైన కేటలీనా 30. నీటి మట్టం నుంచి కీల్ (పడవ కింద నీళ్లలోకి దిగి ఉండే బరువైన రెక్క) అడుగు దాకా 5 అడుగుల 3 అంగుళాలు. మేం తిరిగే, అమెరికా తూర్పు తీరంలోని చెసాపీక్ అఖాతం సగటు లోతు సుమారు 21 అడుగులు. నదుల మొగల్లోకీ పాయల్లోకీ వెళ్లేసరికి అది పదికి, ఎనిమిదికి, ఆరుకి దిగిపోతుంది. అందుకే ఈ అఖాతంలో దిక్సూచి కంటే ముందు లోతు చూసుకోవాలి.

నాలుగేళ్ల కిందట అక్టోబరులో ఒక సాయంత్రం వెస్ట్ రివర్‌లోకి వస్తున్నాం. రెండు రోజులుగా వాయవ్యం గాలి గట్టిగా వీస్తోంది. ఆ గాలి అఖాతంలోని నీళ్లను దక్షిణంగా సముద్రం వైపు తోసేస్తుంది. చార్టులో, అంటే లోతులు రాసిన నీటి పటంలో, 7 అడుగులని రాసి ఉన్నచోట ఆ రోజు 7 ఉండవు. నీటి లోతు కొలిచే మా పాత డెప్త్ సౌండర్ 11 చూపింది. కాసేపటికి 22 చూపింది. ఆ తర్వాత మూడు గీతలు. ఆ గీతలు చూస్తుండగానే పడవ మెత్తగా ఆగిపోయింది. అడుగున బురద కాబట్టి దెబ్బ తగల్లేదు. మా ఆయనా, అమ్మాయీ ఒక పక్కకి వెళ్లి వేలాడితే, తెరచాప బిగించి పడవను వాల్చి, ఇంజిను వెనక్కి నడిపి గంటన్నరకి బయటపడ్డాం. చీకటి పడింది. అందరం వణికిపోయాం.

ఆ శీతాకాలమంతా నేను ఈ ఒక్క పని మీదే కూర్చున్నాను. పాత ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ కొన్న తెలుగువాళ్లు ముగ్గురు ఆ తర్వాత నన్ను ఇదే అడిగారు, ఏ కంపెనీది కొనాలి అని. ముగ్గురికీ ఒకటే చెప్పాను. కంపెనీ సంగతి ఆఖరున. మీ పడవ అడుగున చప్పుడు పంపి లోతు పట్టే ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కడ కూర్చుంటుందో ముందు తేల్చండి. ఆ చోటు తేలితే ఏది కొనాలో దానంతటదే తేలుతుంది.

నీళ్లలో రాళ్లు కొట్టిన ఆట

చిన్నప్పుడు కాలవలో ఈత కొట్టినవాళ్లకి ఈ ఆట గుర్తుండే ఉంటుంది. ఒకరు నీళ్ల అడుగున రెండు రాళ్లు కొడతారు. తల ముంచి ఉంటే ఆ టకటక చెవి పక్కనే కొట్టినట్టు వినబడుతుంది. తల పైకెత్తితే దాదాపు ఏమీ ఉండదు. నీళ్లలో పుట్టిన చప్పుడు గాలిలోకి రావడానికి ఇష్టపడదు, నీటిమట్టం దగ్గర తిరిగి లోపలికే వెళ్లిపోతుంది. డెప్త్ సౌండర్ బిగించడంలో వచ్చే కష్టాల్లో ముప్పాతిక వంతు ఈ ఒక్క సంగతిలోనే ఉన్నాయి.

ట్రాన్స్‌డ్యూసర్ అనే చిన్న బిళ్ల కిందికి ఒక చప్పుడు పంపుతుంది. అది అడుగున తగిలి తిరిగొస్తుంది. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు వెళ్తుంది కాబట్టి, పోయి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి పైనున్న డిస్‌ప్లే లోతు లెక్క కడుతుంది. పది అడుగుల లోతయితే ఆ ప్రయాణం సెకనులో వెయ్యో వంతులు నాలుగు. దారిలో ఎక్కడైనా గాలి పొర అడ్డొస్తే, అది కాగితమంత పలచనిదైనా, చప్పుడు అక్కడే ఆగిపోతుంది. గాలి బుడగ, రెండు పొరల మధ్య ఖాళీ, ప్రొపెల్లరు రేపిన నురగ, అన్నీ దీనికి గోడలే.

మాకు 22 ఎందుకు చూపిందో కూడా ఇప్పుడు చెప్పొచ్చు. తక్కువ లోతులో చప్పుడు అడుగున తగిలి పైకొచ్చి, నీటిమట్టానికి కొట్టుకుని మళ్లీ కిందికెళ్లి రెండోసారి తిరిగొస్తుంది. మొదటి ప్రతిధ్వని బలహీనంగా ఉంటే యంత్రం రెండోదాన్ని పట్టుకుని రెట్టింపు లోతు చూపుతుంది. అంకె ఉన్నట్టుండి సరిగ్గా రెండింతలైతే ఆ క్షణమే వేగం తగ్గించేయండి.

పాతది పారేసే ముందు

1970ల పడవల్లో గుండ్రటి డయల్ మీద దీపం తిరిగే రకం ఉండేది. సీఫేరర్ కంపెనీవి ఇప్పటికీ పాత పడవల్లో కనబడతాయి. తిప్పే మోటారు అరిగిపోయాక వాటితో పని లేదు, తీసేయండి. అంకెలు చూపే పాతదైతే కాసేపు పరీక్షించడం మంచిది. ఫ్యూజు చూడండి. వెనకనున్న కనెక్టర్లలో పచ్చటి చిలుము పట్టిందేమో చూడండి. ఆన్ చేసి ట్రాన్స్‌డ్యూసర్ దగ్గర చెవి పెడితే చాలావాటిలో సన్నగా టిక్ టిక్ వినబడుతుంది. అది వినబడుతోందంటే డిస్‌ప్లే, వైరు, బిళ్ల బతికే ఉన్నాయి, లోపం బిళ్లకీ నీళ్లకీ మధ్యన ఉంది.

మా దాంట్లో టిక్ టిక్ వినబడింది. పాత యజమాని బిళ్లను లోపల్నుంచి పడవ అడుగుకే ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) అంటించేశాడు. ఉలితో మెల్లగా ఊడదీసి చూస్తే, కింద ఎపాక్సీ నిండా పాలనురగలాంటి బుడగలు. గబగబా కలిపితే ఎపాక్సీలో అలాగే గాలి చిక్కుకుంటుంది. కొత్తలో ఎలాగో పనిచేసి ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ పట్టు వదిలి గాలి చేరింది. అసలు యంత్రానికి ఏ రోగమూ లేదు.

మీ పడవ అడుగు దేనితో చేశారు?

ఇది తెలియకుండా ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టకండి.

కేటలీనా 30కి నీళ్ల కింద అడుగు గట్టి ఫైబర్‌గ్లాస్, మధ్యలో ఏ పొరా లేదు. అలాంటి అడుగైతే ట్రాన్స్‌డ్యూసర్ లోపలే ఉండి దాని గుండానే చూడగలదు, పడవకి కన్నం పెట్టక్కర్లేదు. జే24 లాంటి పడవల్లో రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది. చెక్క నిండా సన్నటి గాలి గదులు, కాబట్టి చప్పుడు దాటదు. అక్కడ కన్నం తప్పదు. కలప పడవకీ, లోహపు పడవకీ లోపల పెట్టే రకం పనికిరాదు.

మీదేదో ఎలా తెలుస్తుంది? ఒడ్డుకెక్కించినప్పుడు పాత స్పీడు చక్రమో, పడవ అడుగు గుండా బయటికి పోయే ఏదైనా త్రూ-హల్ బిగింపో తీసి, ఆ కన్నం అంచుని టార్చి వేసి చూడండి. ఒకే రంగులో గట్టిగా ఉంటే గట్టి ఫైబర్‌గ్లాస్. మధ్యలో చెక్క గీత కనబడితే బాల్సా లాంటి పొర ఉన్నట్టు, దాన్నే కోర్ అంటారు.

కేటలీనా లాంటివాటిలో ఇంకో చిక్కుంది. లోపల లైనర్ అని రెండో తొడుగు ఉంటుంది, తెల్లగా నున్నగా అదే పడవ అడుగేమో అనిపిస్తుంది. దానికీ అసలు అడుగుకీ మధ్య గాలి. లైనర్ మీద అంటిస్తే యంత్రానికి పడవలో గాలే కనబడుతుంది. మా పడవలో ముందు గదిలో పడక కింద మూత తీస్తే అసలు అడుగు చేతికి అందింది. గరుగ్గా, నేత గుడ్డ అచ్చులు పడినట్టు ఉంటుంది, చెయ్యి పెడితే తేడా తెలిసిపోతుంది.

చోటు వెతకడం

కీల్ సన్నగా రెక్కలా ఉన్న పడవకి, కీల్ ముందు అంచు నుంచి ఒకటి రెండు అడుగులు ముందుకి, నడిమి గీతకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. మరీ కీల్‌కి ఆనుకుని పెడితే చప్పుడు కీల్‌కే తగిలి తిరిగొస్తుంది, లోతు మూడు నాలుగు అడుగుల దగ్గరే ఉండిపోతుంది. మరీ ముందుకి వెళ్తే అలల మీద పడవ ముక్కు లేచినప్పుడు కింద గాలి చేరుతుంది. వెనక పెడితే ప్రొపెల్లరు నురగ. పొడవాటి పూర్తి కీల్ ఉన్న పడవల్లో పడవ నడిమి భాగంలో, కీల్‌కి పక్కగా, అడుగు వీలైనంత బల్లపరుపుగా ఉన్నచోట పెడతారు.

రెండోది వాలు. ఆ చోట పడవ అడుగు అడ్డంగా ఎన్ని డిగ్రీలు వాలి ఉందో కొలవాలి. ఫోనులో లెవెల్ చూపే యాప్ చాలు. పడవ నీళ్ల మీద నిటారుగా ఉన్నప్పుడు లోపలి అడుగు మీద ఫోను అడ్డంగా ఆనించండి. మా చోట 14 డిగ్రీలు వచ్చింది. బిళ్లను ఆ వాలు మీదే అంటిస్తే చప్పుడు సూటిగా కిందికి పోదు, 14 డిగ్రీలు పక్కకి పోతుంది.

మూడోది అసలు పరీక్ష, దీన్ని దయచేసి ఎవరూ వదలొద్దు. అంటించే ముందు పలచటి పాలిథిన్ సంచిలో సగం దాకా నీళ్లు పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ని అందులో ముంచి, సంచి మూతి కట్టండి. పడవ అడుగుని ఇసుక కాగితంతో నున్నగా చేసి, తడిపి, సంచిని దాని మీద అదిమి పట్టుకోండి. సంచికీ అడుగుకీ మధ్య గాలి లేకుండా తడిపే నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు కలిపితే బాగా అతుకుతుంది. డిస్‌ప్లేకి తాత్కాలికంగా కరెంటు ఇచ్చి అంకె చూడండి. తర్వాత అదే ట్రాన్స్‌డ్యూసర్‌ని పడవ పక్క నుంచి నీళ్లలోకి దించి చూడండి. నీటిమట్టం నుంచి బిళ్ల ఎంత కింద ఉందో లెక్కేసుకుంటే రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలి. మేం మూడు చోట్ల చూశాం. మొదటి చోట అంకె ఊగిసలాడింది. ఫైబర్‌గ్లాస్ పొరల్లో ఏదో ఖాళీ ఉండి ఉండాలి. రెండో చోట కీల్ తగిలింది. మూడో చోట అంకె నిలకడగా ఉంది. రేవులోనే కాదు, 25 అడుగుల దాకా లోతున్న చోటికి వెళ్లి కూడా చూశాం. మా అమ్మాయి సంచి పట్టుకుని పడక కింద బోర్లా పడుకుని అంకెలు అరుస్తుంటే నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ పేజీ ఇంకా నా దగ్గరుంది.

ఏది కొనాలి

చోటు తేలింది కాబట్టి ఎంపిక ఇక చిన్నది.

ఫ్రీక్వెన్సీ విషయం కొంచెం. 50 కిలోహెర్ట్జ్ చప్పుడు లోతుకి పోతుంది, వెడల్పుగా పరుచుకుంటుంది. 200 కిలోహెర్ట్జ్ సన్నగా, తక్కువ లోతులో స్పష్టంగా చూపుతుంది. మనలా తీరం వెంబడి తిరిగేవాళ్లకి 200 చాలు.

గట్టి ఫైబర్‌గ్లాస్ అడుగుకి నేను కొన్నది ఎయిర్‌మార్ పీ79. ఇది లోపల పెట్టే రకం. దీని మంచితనమంతా అడుగు దిమ్మెలో ఉంది. దాన్ని పడవ అడుగు వాలుకి తగ్గట్టు తిప్పి సరిచేయవచ్చు, 22 డిగ్రీల దాకా. అంటే మా 14 డిగ్రీల వాలు మీద కూడా బిళ్ల తిన్నగా కిందికే చూస్తుంది. ఇదే పీ79ని వేరు వేరు డిస్‌ప్లే కంపెనీలకి వేరు వేరు ప్లగ్గులతో అమ్ముతారు. మీ డిస్‌ప్లేకి సరిపోయే ప్లగ్గున్నదే అడిగి కొనండి.

డబ్బు తక్కువగా ఉంటే చేపలు పట్టేవాళ్ల కోసం చేసే చిన్న ఫిష్ ఫైండర్ కూడా పనిచేస్తుంది. గార్మిన్ స్ట్రైకర్ 4 లాంటివి ఆ రకం. లోతు చూపడంలో తక్కువేమీ కాదు. కాకపోతే ఎండలో, స్టీరింగ్ దగ్గర నిలబడి, ఆరడుగుల దూరం నుంచి చదవాలంటే పెద్ద అంకెలే కావాలి. అందుకని నేను లోతు ఒక్కటే చూపే, అరచేయంత అంకెల డిస్‌ప్లే తీసుకున్నాను. టెన్షన్‌లో ఉన్నప్పుడు బొమ్మలు చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

కన్నం పెట్టక తప్పనివాళ్లకి, లేదా పడవ వేగం, నీటి వేడి కూడా కావాలనుకునేవాళ్లకి ఎయిర్‌మార్ డీఎస్‌టీ810 రకం బాగుంటుంది. లోతు, వేగం, ఉష్ణోగ్రత ఒకే గొట్టంలో వస్తాయి, ఎన్‌ఎమ్‌ఈఏ 2000 తీగతో (పడవలోని యంత్రాలన్నిటినీ కలిపే తీగ) నేరుగా కలుస్తుంది. దానికి 51 మిల్లీమీటర్ల కన్నం, అంటే రెండంగుళాలు.

లోపల పెట్టడం

ఎంచుకున్న చోట పెయింటు, మైనం, మురికి ఏమీ లేకుండా 80 నంబరు ఇసుక కాగితంతో రుద్ది నున్నగా చేయండి. గరుకు గుడ్డ అచ్చుల మీద దిమ్మె కూర్చోదు. తుడిచి ఆరనివ్వండి. దిమ్మెలో వాలు గుర్తును కొలిచిన డిగ్రీలకి తిప్పి పెట్టి, నడిమి గీత వైపు ఏ అంచు ఉండాలో మార్కరుతో అడుగు మీద రాసుకోండి. జిగురు పూశాక తలకిందులైపోవడం చాలా తేలిక.

ఎపాక్సీని నెమ్మదిగా, గరిటె ఎత్తకుండా, ఒకే దిక్కున తిప్పుతూ కలపండి. బుడగలు పైకొచ్చేదాకా ఐదు నిమిషాలు ఆగండి. దిమ్మె అంచు చుట్టూ పట్టించి, కొంచెం తిప్పుతూ అదమండి. లోపలి భాగంలో ఎపాక్సీ గుట్టలుగా పొంగకూడదు. ఒక రాత్రి కదపకండి. చలికాలంలో మేరీల్యాండ్‌లో పడవ లోపల ఎపాక్సీ ఆరదు. మేం పక్కన చిన్న బల్బు వెలిగించి ఉంచాం.

మర్నాడు దిమ్మెలో ప్రొపిలీన్ గ్లైకాల్ పోయాలి. పడవల నీళ్ల గొట్టాలకి శీతాకాలంలో వాడే ఆ గులాబీ రంగు యాంటీఫ్రీజే ఇది. ట్రాన్స్‌డ్యూసర్‌ని ఒకపక్క నుంచి దించి తిప్పితే బిగుసుకుంటుంది. కింద బుడగ మిగలకూడదు. టార్చితో చూడండి, ఉంటే మళ్లీ పెట్టండి. మామూలు నీళ్లు పోయొద్దు. ఇక్కడ జనవరిలో గడ్డకట్టి దిమ్మె పగిలిపోతుంది.

కన్నం పెట్టేవాళ్లకి నాలుగు మాటలు

ఇది పడవను ఒడ్డుకెక్కించినప్పుడే చేసే పని. ముందు లోపల్నుంచి 3 మిల్లీమీటర్ల కన్నం వేసి, బయటికి ఎక్కడొస్తుందో చూసుకోండి. సరైన చోటైతే బయటి నుంచి 51 మిల్లీమీటర్ల హోల్ సాతో (గుండ్రంగా కోసే రంపం) కోయండి. కళ్లకి అద్దాలు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఫైబర్‌గ్లాస్ పొడి ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. కోర్ ఉన్న పడవైతే ఆ అంచు చుట్టూ బాల్సాని అరంగుళం పైగా గీకేసి, ఆ ఖాళీని ఎపాక్సీతో గట్టిగా నింపాలి. ఈ మెట్టు వదిలేసిన పడవల్లో బాల్సా కుళ్లి అడుగు మెత్తబడిపోతుంది. ఆ రిపేరు పడవ ధరను దాటొచ్చు.

సీలెంటుగా సముద్రపు పనికి చేసిన పాలీయురెథేన్ వాడండి, 3ఎమ్ 4200 లాంటిది. 5200 వద్దు. అది శాశ్వతపు జిగురు, పదేళ్ల తర్వాత ఊడదీయాలంటే ప్రాణం పోతుంది. ప్లాస్టిక్ హౌసింగ్‌కి (బిళ్లను పట్టి ఉంచే గొట్టం) అసిటోన్ తగలనివ్వకండి, నట్టు చేత్తో బిగించాక మరీ రెంచి వేసి విరగ్గొట్టకండి. కలప పడవకి ప్లాస్టిక్ హౌసింగ్ పెట్టకూడదు. చెక్క నానితే ఉబ్బి దాన్ని పగలగొట్టేస్తుంది. పడవ నీళ్లలోకి దించగానే లోపల చూడండి, మూడు గంటలకు చూడండి, మర్నాడు చూడండి. ఆ రోజంతా పడవను వదిలి వెళ్లొద్దు. ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి మామూలు రాగి పెయింటు వేయకుండా, దాని కోసం చేసిన పెయింటు పలచగా వేయండి.

వైర్లు

ట్రాన్స్‌డ్యూసర్ వైరు పొడవు ఎక్కువైనా కత్తిరించకండి. మిగిలింది వదులుగా చుట్టి కట్టేయండి. ఇంజిను ఆల్టర్నేటరుకీ వీహెచ్‌ఎఫ్ రేడియో తీగకీ దూరంగా, పడవ అడుగున చేరే బిల్జ్ నీళ్లు తగలని ఎత్తులో లాగండి. డిస్‌ప్లేకి దాని పుస్తకంలో చెప్పిన ఫ్యూజు, తగరం పూత ఉన్న రాగి తీగ. ఎన్‌ఎమ్‌ఈఏ 2000 అయితే వెన్నెముక తీగకి రెండు కొసలా టెర్మినేటర్లు అనే చిన్న రెసిస్టర్లు ఉండాలి. కరెంటు తీసేసి డేటా తీగలు రెండింటి మధ్య మీటరు పెడితే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక టెర్మినేటరు లేదని అర్థం.

డిస్‌ప్లే మేం కాక్‌పిట్ గోడ మీద పాతది ఉన్నచోటే పెట్టాం. పాత కన్నం పెద్దది. అందుకని ఒక ప్లాస్టిక్ పలక కోసి కప్పి, దాని మీద కొత్తది బిగించాం. ఆ గోడ లోపల ప్లైవుడ్ ఉంటుంది. కోసిన అంచులకి ఎపాక్సీ పూయకపోతే వాన నీళ్లు దిగుతాయి. మా పాత కన్నం చుట్టూ అప్పటికే నల్లబడి ఉంది, గీకి ఆరబెట్టి నింపడానికి ఒక వారాంతం పోయింది. అన్నీ కలిపాక ఇంజిను, రేడియో, ఎల్‌ఈడీ దీపాలు ఒక్కొక్కటే వేస్తూ అంకె కదులుతుందేమో చూశాం. ఒక చవక ఎల్‌ఈడీ దీపం వేస్తే అంకె చిందులేసింది. దాన్ని మార్చేశాం.

ఎక్కడి నుంచి లోతు?

బిగించాక డిస్‌ప్లే చూపేది ట్రాన్స్‌డ్యూసర్ కింద లోతు. అది మనకి దేనికీ పనికిరాదు. మనకి కావలసింది నీటిమట్టం నుంచి నేల దాకా, లేదా కీల్ నుంచి నేల దాకా. సెట్టింగుల్లో దీన్ని ఆఫ్‌సెట్ అంటారు.

మా ట్రాన్స్‌డ్యూసర్ నీటిమట్టానికి ఒకటిన్నర అడుగులు కింద ఉంది. కీల్ అడుగు 5.25 అడుగుల దగ్గర. నీటిమట్టం నుంచి లోతు కావాలంటే 1.5 కలపాలి. కీల్ కింద ఎంత మిగిలిందో కావాలంటే 3.75 తీసేయాలి. రెండు పద్ధతులూ సరైనవే. చాలామంది కీల్‌ని ఎంచుకుంటారు, సున్నా అంటే తగిలినట్టు కాబట్టి. నేను నీటిమట్టాన్నే ఎంచుకున్నాను. చార్టులో రాసేది కూడా నీటి లోతే. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా చార్టుల్లో లోతులు రోజువారీ రెండు పాటుల్లో తక్కువదాని సగటు మట్టం నుంచి లెక్కిస్తారు. అన్నాపొలిస్ దగ్గర పోటుకీ పాటుకీ తేడా సుమారు ఒక అడుగే. కాబట్టి డిస్‌ప్లే అంకెను చార్టు అంకె పక్కన పెట్టి చూస్తే, ఆ రోజు గాలి నీటిని ఎంత తోసిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది. చార్టు 9 అంటే యంత్రం 7.5 అంటోందా, ఆ రోజు ఏ పాయలోకి వెళ్లినా ఒకటిన్నర తీసేసి చూసుకుంటాను. వెస్ట్ రివర్‌లో మాకు ఆ సాయంత్రం కావలసింది సరిగ్గా ఇదే.

ఏది ఎంచుకున్నా, డిస్‌ప్లే పక్కన రాసి అంటించండి. మా దాని పక్కన పెద్ద అక్షరాలతో తెలుగులోనే ఉంది, "నీటి పైనుంచి. మనకి 5¼ కావాలి." మీ బదులు ఇంకెవరైనా స్టీరింగ్ పట్టుకుంటే వాళ్లు వెంటనే అడిగేది ఈ ప్రశ్నే. తక్కువ లోతు అలారం మాది 8 అడుగుల దగ్గర పెట్టాం.

కొలతల ఆఫ్‌సెట్ సరిపోదు, చేత్తో కొలిచి సరిచూడాలి. మా మేనమామ గోదావరి మీద లాంచీ సరంగు. ఎండాకాలం ఇసుక మేటల మధ్య వెళ్లేటప్పుడు ముందు ఒక కుర్రాడు గెడ వేసి లోతు అరుస్తుండేవాడు. మావయ్య ఆ కేకను బట్టే చుక్కాని తిప్పేవాడు. మన సముద్రపు వేటగాళ్లు లోతును బారల్లో చెప్తారు, రెండు చేతులూ బార్లా చాపితే ఎంతో అంత. ఇంగ్లీషువాళ్ల ఫాదమ్ కూడా చాచిన చేతుల నుంచే పుట్టింది, ఆరడుగులు. నేను సన్నటి నైలాన్ తాడుకి అడుగడుక్కీ ముడి వేసి, ఆరడుగులకొకసారి ఎర్ర గుడ్డ కట్టాను. కొసన బరువు వెడల్పుగా, బల్లపరుపుగా ఉండాలి. చెసాపీక్ బురదలో సన్నటి సీసం అరడుగు దిగిపోతుంది, దాంతో లోతు ఎక్కువ కొలుస్తాం. నేను వంటింట్లో పనికిరాని పాత ఇనప మూత కట్టాను.

గాలిలేని ఉదయం, లంగరు వేసి, పడవ కదలకుండా ఉన్నప్పుడు ట్రాన్స్‌డ్యూసర్‌కి సరిగ్గా పక్కగా తాడు దించాం. తాడు 9 అడుగులన్నర. యంత్రం 9.1. ఆఫ్‌సెట్‌ని 1.9కి మార్చాం. 14 అడుగుల దగ్గర, 20 అడుగుల దగ్గర మళ్లీ చూశాం, కలిసింది. అన్నిచోట్లా ఒకేలా తేడా వస్తే ఆఫ్‌సెట్ మారిస్తే చాలు. లోతు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంటే బిళ్ల ఒరిగి ఉందని అర్థం, దిమ్మె వాలు మళ్లీ సరిచేయాలి.

పడవ గాలికి వాలినప్పుడు చూపు కూడా పక్కకి వాలుతుంది. 20 డిగ్రీల వాలులో 10 అడుగుల లోతు 10.6గా కనబడొచ్చు. అంతకంటే ముఖ్యం, అది చూసే చోటు పడవకి పక్కనెక్కడో ఉంటుంది. ఇరుకు పాయల్లో తెరచాప సడలించి, పడవను నిటారుగా నిలిపి, నెమ్మదిగా వెళ్లండి. రెండు అడుగుల కంటే తక్కువ నీళ్లు బిళ్ల కింద ఉంటే చాలా యంత్రాలు చదవలేవు, అప్పుడు వచ్చే గీతలను "తెలియదు" అని కాకుండా "ఆగు" అని చదవండి.

ప్రతి ఏప్రిల్‌లో పడవ నీళ్లలోకి దించిన వారం పడక కింద మూత తీసి గ్లైకాల్ తగ్గిందేమో చూస్తాను, తగ్గితే పోస్తాను. ఆ వారమే రోడ్ రివర్‌లో లంగరు వేసి, ఇనప మూత తాడు మళ్లీ దించుతాను. పోయిన వసంతంలో తాడు దించింది మా అమ్మాయి. "బారన్నర, ఇంకో రెండు ముళ్లు" అంది. డిస్‌ప్లే మీద 11.0 ఉంది.